స్పెయిన్ అంతర్యుద్ధం: ఎవరి సాక్ష్యంతో మొదలుపెట్టాలి?

1936 జులైలో రిపబ్లిక్ ప్రభుత్వం మీద సైన్యంలో ఒక వర్గం చేసిన తిరుగుబాటుతో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైంది. 1939 ఏప్రిల్ 1న తిరుగుబాటు నాయకుడు జనరల్ ఫ్రాంకో గెలిచానని ప్రకటించడంతో ముగిసింది. దాని గురించి చదవాలనుకునేవాళ్ళకి పుస్తకాల కొరత లేదు, ఉన్న ఇబ్బందల్లా అవి మరీ ఎక్కువ కావడమే. పైగా కళ్ళారా చూసి రాసినవాళ్ళలో చాలామంది ఏదో ఒక పార్టీకో, సిద్ధాంతానికో కట్టుబడినవాళ్ళు. ఒకరు వీరులన్నవాళ్ళని ఇంకొకరు ద్రోహులంటారు. నగరం అదే, వారం అదే, పుస్తకం మారితే కథ మారిపోతుంది. మొదట చదివిన పుస్తకం రంగు తర్వాత చదివేవాటికి కూడా అంటుకుంటుంది కాబట్టి, ఏది ముందు అన్నది కాస్త ఆలోచించుకోవాల్సిన విషయమే.

"ఏ పక్షం లేకుండా రాసినది ఒకటి చెప్పండి, అది చదివేస్తాం" అంటారు చాలామంది. ఈ యుద్ధం విషయంలో ఆ ప్రశ్నతో లాభం లేదు. పక్షం లేనివాడికి ఆ కందకాల్లో పనేముంది? రచయిత తన పక్షం ఏదో దాచకుండా చెప్పాడా, చూసినదాన్నీ విన్నదాన్నీ వేరు చేశాడా, తనవాళ్ళు చేసిన తప్పు కంటబడితే రాశాడా అన్నవే నేను చూస్తాను.

## వేటిని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, రచయిత ఎక్కడి నుంచి చూశాడు. కందకంలో ఉన్న సైనికుడికి ఎదురుగా ఉన్న కొండ తప్ప ఏమీ కనిపించదు. సెన్సార్ ఆఫీసులో కూర్చున్నవాడికి వార్తలన్నీ తెలుస్తాయి, బురద తెలియదు. జైల్లో ఉన్నవాడికి పక్క గది తలుపు తెరుచుకున్న చప్పుడే యుద్ధం. అంతా చూసినవాడు ఎవడూ లేడు. చూసిన ముక్క ఎంతో చెప్పినవాడికీ, చెప్పనివాడికీ మాత్రం చాలా తేడా ఉంది.

రెండోది, ఎప్పుడు రాశాడు. యుద్ధం నడుస్తుండగా రాసిన పుస్తకంలో కోపం, తొందర, తప్పుడు వార్తలు ఉంటాయి. దానితోపాటే, చివరికి ఎవరు గెలుస్తారో రచయితకి తెలియకపోవడం అనే పెద్ద సుగుణం కూడా ఉంటుంది. ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత రాసినదానిలో ఆలోచన నిలకడగా ఉంటుంది కానీ, మధ్యలో చదివినవీ విన్నవీ జ్ఞాపకంలో కలిసిపోయి ఉంటాయి.

మూడోది, నేను అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చేది: తనవాళ్ళకి ఇబ్బంది కలిగించే నిజం చెప్పాడా, చెప్పి ఏం పోగొట్టుకున్నాడు. ఎదుటి పక్షం దుర్మార్గాలు రాయడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. సొంత పక్షాన్ని తప్పుపట్టిన పుస్తకాన్ని ఎదుటి పక్షం చేతుల్లోకి తీసుకుని తనకి కావలసినట్టు వాడుకుంటుంది. ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ పుస్తకానికి ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో జరిగింది అదే. అలాగే, భ్రమలు తొలగినవాడికి తన భ్రమల కథను పెద్దది చేసి చెప్పాలన్న ఉబలాటం ఉంటుంది. కాబట్టి ఈ కొలతను కూడా గుడ్డిగా వాడకూడదు.

ఇవి కాక ఒక మామూలు ప్రశ్న కూడా ఉంది. చదవడానికి ముందు మనకి ఎంత తెలిసి ఉండాలి? కొన్ని పుస్తకాలు పార్టీల పేర్లు తెలియకపోతే పదో పేజీ దాటనివ్వవు.

ఆ పేర్లు క్లుప్తంగా ఇవీ. రిపబ్లిక్ వైపు సోషలిస్టులు, కమ్యూనిస్టులు, సీఎన్‌టీ యూనియన్‌లోని అనార్కిస్టులు, స్టాలిన్‌ను వ్యతిరేకించే చిన్న మార్క్సిస్టు పార్టీ పూమ్, ఉదారవాద రిపబ్లికన్లు, కాటలాన్, బాస్క్ ప్రాంతీయ పార్టీలు. తిరుగుబాటు వైపు సైనికాధికారులు, ఫలాంజ్ అనే ఫాసిస్టు పార్టీవాళ్ళు (ఫలాంజిస్టులు), కార్లిస్టు రాచరికవాదులు, చర్చి పెద్దల్లో చాలామంది. ఫ్రాంకోకి జర్మనీ, ఇటలీ తోడయ్యాయి, రిపబ్లిక్‌కి సోవియట్ యూనియన్ ఆయుధాలిచ్చింది. బ్రిటన్, ఫ్రాన్స్ జోక్యం చేసుకోబోమని తప్పుకున్నాయి. రిపబ్లిక్ లోపల నలిగిన తగువు ఒక్కటే: ముందు యుద్ధం గెలవాలా, లేక విప్లవం ఇప్పుడే కావాలా? ఇంత తెలిస్తే కింద చెప్పినవాటిలో ఏదైనా చదవొచ్చు.

## ఒక్క చూపులో

| రచయిత, పుస్తకం | రాజకీయం | చూసిన చోటు | ప్రచురణ | కొత్తవాళ్ళకి |
|---|---|---|---|---|
| జార్జ్ ఆర్వెల్, హోమేజ్ టు కాటలోనియా | బ్రిటిష్ సోషలిస్టు, పూమ్ మిలీషియా | ఆరగాన్ ఫ్రంట్, బార్సిలోనా | 1938 | తేలిక, రెండు అధ్యాయాలు తప్ప |
| ఆర్తూరో బారెయా, ద ఫోర్జింగ్ ఆఫ్ ఎ రెబెల్ | స్పానిష్ సోషలిస్టు | మాడ్రిడ్ | 1941–46 | తేలిక, కానీ మూడు సంపుటాలు |
| ఆర్థర్ కోస్లర్, స్పానిష్ టెస్టమెంట్ / డైలాగ్ విత్ డెత్ | అప్పట్లో కమ్యూనిస్టు | మలగా, సెవిల్ జైలు | 1937 / 1942 | రెండోది చాలా తేలిక |
| జోర్జ్ బెర్నానోస్, ఎ డైరీ ఆఫ్ మై టైమ్స్ | ఫ్రెంచ్ కాథలిక్, రాచరికవాది | మయోర్కా దీవి | 1938 | కష్టం |
| ఫ్రాంజ్ బోర్కెనావ్, ద స్పానిష్ కాక్‌పిట్ | పార్టీ వదిలేసిన మాజీ కమ్యూనిస్టు | రిపబ్లిక్ ప్రాంతమంతా | 1937 | కొంచెం కష్టం |
| పీటర్ కెంప్, మైన్ వర్ ఆఫ్ ట్రబుల్ | బ్రిటిష్ కన్జర్వేటివ్, ఫ్రాంకో వైపు | ఫ్రాంకో సైన్యం | 1957 | తేలిక |

నవలల్ని కావాలనే కలపలేదు. ఈ యుద్ధం మీద గొప్ప నవలలున్నాయి, కానీ సాక్ష్యంగా వాటిని తూచే పద్ధతి వేరు.

## ఆర్వెల్: అందరూ మొదలుపెట్టే చోటు

1936 డిసెంబరు చివర్లో ఆర్వెల్ బార్సిలోనా చేరాడు. ఇంగ్లండ్‌లో తనకి పరిచయమున్న ఒక చిన్న వామపక్ష పార్టీ ఉత్తరం చేతిలో ఉంది కాబట్టి పూమ్ మిలీషియాలో, అంటే ఆ పార్టీ సొంత సాయుధ దళంలో చేరాడు. అప్పటికి ఆ పార్టీల మధ్య తేడాలేమిటో ఆయనకి పెద్దగా పట్టలేదు. విప్లవం సంగతి తర్వాత, ముందు యుద్ధం గెలుద్దాం అన్న కమ్యూనిస్టుల వాదనే సబబుగా ఉందని కూడా అనిపించింది, విదేశీ స్వచ్ఛంద సైనికులతో ఏర్పడి కమ్యూనిస్టుల చేతిలో ఉన్న అంతర్జాతీయ దళాలకి మారిపోదామని చూశాడు. ఈ సంగతులన్నీ పుస్తకంలో ఆయనే చెప్పాడు. నేను నమ్మడానికి మొదటి కారణం అదే.

తర్వాత జరిగింది 1937 మే. బార్సిలోనా టెలిఫోన్ ఎక్స్ఛేంజి కోసం మొదలైన గొడవ రిపబ్లిక్ వాళ్ళలో వాళ్ళే వీధుల్లో కాల్చుకునేదాకా వెళ్ళింది. ఆ రోజుల్లో ఆర్వెల్ పూమ్ ఆఫీసుకి ఎదురుగా ఉన్న సినిమా హాలు పైకప్పు మీద కాపలా కాశాడు. తిరిగి ఫ్రంట్‌కి వెళ్ళాక మే 20న గొంతులోంచి తూటా దూసుకుపోయింది. కోలుకుని వచ్చేసరికి పూమ్‌ని నిషేధించారు, నాయకుడు ఆంద్రెయు నిన్‌ను పట్టుకెళ్ళి చంపారు. ఆర్వెల్, భార్య ఐలీన్ జూన్‌లో రైలెక్కి ఫ్రాన్స్‌కి బయటపడ్డారు. ఇదంతా ఆరు నెలల కథ.

ఈ పుస్తకం రాసినందుకు ఆయన మూల్యం చెల్లించాడు. ఆయన పుస్తకాలు వేస్తూ వచ్చిన విక్టర్ గొలాంజ్ ఇది రాయకముందే వద్దన్నాడు. వేరే ప్రచురణకర్త 1,500 కాపీలు వేస్తే 1950లో ఆర్వెల్ చనిపోయేనాటికి అవి కూడా పూర్తిగా అమ్ముడుపోలేదు.

ఇక లోపాలు. ఆరగాన్‌లో పెద్దగా కదలిక లేని ఒక ఫ్రంట్, ఒక నగరం, ఒక చిన్న పార్టీ, ఇంతే ఆయన చూసింది. పాల్ ప్రెస్టన్ వంటి చరిత్రకారుల అభ్యంతరం ఇదే: ఈ ఒక్క పుస్తకం చదివినవాళ్ళు రిపబ్లిక్ ఓటమికి కారణం లోపలి కుమ్ములాట అనుకుంటారు, హిట్లర్, ముస్సోలినీల సాయం, బ్రిటన్, ఫ్రాన్స్‌ల తప్పించుకోవడం వెనక్కి పోతాయి. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దాని గురించి ఆర్వెలే హెచ్చరించాడు: నా పక్షపాతాన్ని, నేను చేసి ఉండే పొరపాట్లను, ఒక మూల నుంచే చూడటం వల్ల వచ్చే వంకరను గుర్తుపెట్టుకోండి, ఈ యుద్ధం మీద వేరే ఏ పుస్తకం చదివినా ఇదే జాగ్రత్త పాటించండి అని. పొరపాట్లు నిజంగానే ఉన్నాయి. బార్సిలోనాలో తాను చూసిన అసాల్ట్ గార్డులను సివిల్ గార్డులని రాశాడు (రెండూ వేర్వేరు పోలీసు దళాలు), తర్వాత అది దిద్దమని నోట్ పెట్టాడు.

ఎవరికి: ఒకే ఒక్క పుస్తకం చదివే ఓపిక ఉన్నవాళ్ళకి. పార్టీ పత్రికలు ఒక సంఘటనను ఎలా తలకిందులు చేస్తాయో చూడాలనుకునేవాళ్ళకి.

## బారెయా: నేను ముందుగా చేతిలో పెట్టేది

ఎవరైనా నన్ను అడిగితే ఆర్వెల్ కన్నా ముందు బారెయా పేరు చెబుతాను. కారణం సులువు. ఆర్వెల్ పుస్తకంలో స్పెయిన్ ఒక విదేశీయుడికి ఆరు నెలలు కనిపించిన దేశం. బారెయా పుస్తకంలో యుద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఆయన 1897లో బదహోజ్‌లో పుట్టి మాడ్రిడ్‌లో పెరిగాడు. తల్లి మంథనారెస్ నది ఒడ్డున బట్టలుతికి బతికింది. మొదటి సంపుటి ఆ బాల్యం, రెండోది మొరాకోలో స్పెయిన్ చేసిన వలస యుద్ధం. ఫ్రాంకో వంటి అధికారులు తయారైంది ఆ సైన్యంలోనే, కాబట్టి రెండో సంపుటి కూడా చదివితే మూడోది ఇంకా బాగా అర్థమవుతుంది. మూడోది, ద క్లాష్, అంతర్యుద్ధం.

యుద్ధంలో బారెయా ఉద్యోగం విచిత్రమైనది. విదేశీ విలేకరులు పంపే వార్తలను కత్తిరించే సెన్సార్ ఆయన. మాడ్రిడ్‌లో గ్రాన్ వియా మీది టెలిఫోన్ కంపెనీ భవనం, నగరంలోకెల్లా ఎత్తైనది, ఫ్రాంకో ఫిరంగులకి గురి కుదిరే గుర్తు. 1936 నవంబరులో ప్రభుత్వం వలెన్సియాకి వెళ్ళిపోయినా ఆయన ఆ ఆఫీసును నడిపాడు. నిజాన్ని ఆపడమే పనిగా ఉన్న మనిషి ఆ తర్వాత నిజం రాయడానికి కూర్చోవడం ఈ పుస్తకానికి ఒక పదునిచ్చింది. ఏ వార్త ఎందుకు ఆపామో, ఆ ఆదేశాల్లో తెలివితక్కువతనం ఎంతో లోపలి నుంచి చెప్పగలిగినవాళ్ళు తక్కువ. 1936 వేసవిలో మాడ్రిడ్‌లో రిపబ్లిక్ పేరు చెప్పుకుని జరిగిన హత్యల్ని దాచలేదు. బాంబుల చప్పుడుకి తన నరాలు ఎలా తెగిపోయాయో, వాంతులు ఎలా వచ్చేవో కూడా దాచలేదు. కమ్యూనిస్టు పార్టీ మనుషులకి ఆయనా, ఆయన సహచరి ఇల్సా అనే ఆస్ట్రియన్ సోషలిస్టు కంటగింపు అయ్యారు. 1938లో దేశం వదిలారు.

ఇంకో సంగతి. ఇది స్పానిష్‌లో రాసిన పుస్తకమే అయినా ముందు ఇంగ్లీషులో వచ్చింది. స్పానిష్‌లో 1951లో బ్వేనోస్ ఐరెస్‌లో అచ్చయింది, స్పెయిన్‌లో అచ్చవడానికి ఫ్రాంకో చావాల్సి వచ్చింది.

లోపం: పొడవు. సొంత ఇంటి గొడవలు, విఫలమైన పెళ్ళి, చాలా పేజీలు తింటాయి. కొందరికి అవే ఇష్టం, నాకు కొన్నిచోట్ల విసుగు పుట్టింది.

## కోస్లర్: ఒకే అనుభవం, రెండు పుస్తకాలు

సాక్ష్యం, ప్రచారం ఎక్కడ విడిపోతాయో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1937 ఫిబ్రవరిలో మలగా నగరం ఫ్రాంకో సైన్యాల చేతిలో పడింది. లండన్ పత్రిక న్యూస్ క్రానికల్ విలేకరిగా కోస్లర్ అక్కడే ఉండిపోయి పట్టుబడ్డాడు. సెవిల్ జైల్లో, రాత్రిళ్ళు తోటి ఖైదీలను కాల్చడానికి తీసుకెళుతుంటే వింటూ, తన వంతు కోసం ఎదురుచూశాడు. బ్రిటన్‌లో గట్టి ఆందోళన జరిగింది, ఖైదీల మార్పిడిలో మే నెలలో వదిలారు.

అదే సంవత్సరం స్పానిష్ టెస్టమెంట్ వచ్చింది. దాని మొదటి సగం ఫ్రాంకో పక్షం అకృత్యాల మీద ప్రచార గ్రంథం, రెండో సగం జైలు డైరీ. అప్పటికి తాను కమ్యూనిస్టు పార్టీ సభ్యుడినన్న సంగతి పాఠకులకి చెప్పలేదు. 1938లో పార్టీ వదిలాడు. 1942లో జైలు భాగం మాత్రమే డైలాగ్ విత్ డెత్ పేరుతో విడిగా వచ్చింది. పారిస్‌లో కొమింటర్న్ (మాస్కో నడిపిన కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ సంస్థ) ప్రచారం నడిపిన విల్లీ మ్యున్‌జెన్‌బర్గ్ ఇంకా ఘాటుగా రాయమని ఎలా ఒత్తిడి చేశాడో తర్వాత ఆత్మకథలో కోస్లరే బయటపెట్టాడు.

కథ కోసమైతే 1942 పుస్తకం చాలు. చావు ముందు మనసు చేసే గారడీలను ఇంత చల్లగా రాసినవాళ్ళు అరుదు. కానీ చదువరిగా మీ కన్ను పదునుపడాలంటే 1937 నాటి మొదటి సగం కూడా వెతికి చదవండి. వాక్యం ఎక్కడ బిగుసుకుంటుందో, మనుషులు మాయమై అంకెలు ఎక్కడ మొదలవుతాయో కనిపెట్టొచ్చు. అందులో చెప్పినవన్నీ అబద్ధాలని కాదు. మలగా పడ్డాక జరిగిన మారణకాండ నిజమే. నిజమైనదాన్ని కూడా నమ్మబుద్ధి కాకుండా రాయొచ్చని ఆ పేజీలు చూపిస్తాయి.

ఒక చిన్న ముడి: కోస్లర్‌ను అరెస్టు చేసింది మలగాలో ఉంటున్న బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త సర్ పీటర్ చామర్స్ మిచెల్ ఇంట్లో. బారెయా మొదటి సంపుటిని తొలిసారి ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ మిచెలే.

## బెర్నానోస్: కుడివైపు నుంచి వచ్చిన నిజం

వామపక్షంవాళ్ళు వామపక్షాన్ని తిట్టుకున్న పుస్తకాలు చాలా ఉన్నాయి. మతం, రాచరికం, సంప్రదాయం నమ్మిన మనిషి ఫ్రాంకో పక్షం హత్యలను ఎండగట్టిన పుస్తకం మాత్రం ఇదొక్కటే ఈ స్థాయిలో ఉంది. బెర్నానోస్ 1934 నుంచి మయోర్కాలో కాపురమున్నాడు. తిరుగుబాటును మొదట ఆదరించాడు, కొడుకు ఫలాంజ్‌లో చేరాడు. ఆ తర్వాత రాత్రిపూట ఇళ్ళ నుంచి మనుషులను లారీల్లో తీసుకెళ్ళి చంపడం, దాన్ని చర్చి పెద్దలు దీవించడం చూశాడు.

చదవడం మాత్రం కష్టం. వరుసగా కథ చెప్పడు. ఫ్రెంచ్ మధ్యతరగతి మీద, మతగురువుల మీద పేజీలకి పేజీలు విరుచుకుపడతాడు. యూదు వ్యతిరేకి ఎద్వార్ ద్రుమోను గురువుగా మెచ్చుకున్న మనిషి కూడా. ఆ మరక తెలిసే చదవాలి.

దీనితోపాటు తత్వవేత్త సిమోన్ వెయిల్ 1938లో ఆయనకి రాసిన ఉత్తరం తప్పకుండా చదవండి, కొద్ది పేజీలే. ఆమె 1936లో అనార్కిస్టు నాయకుడు దురుతీ దళంలో కొన్నాళ్ళు ఉంది, మరిగే నూనెలో కాలు పెట్టి కాల్చుకుని తిరిగొచ్చింది. పట్టుబడిన 15 ఏళ్ళ ఫలాంజిస్టు కుర్రవాణ్ణి మాలో చేరతావా చస్తావా అని అడిగి, ఒప్పుకోకపోతే కాల్చేసిన సంగతి అందులో రాసింది. ఆరగాన్‌లో తనతో ఉన్న మిలీషియావాళ్ళ కన్నా ఈ రాచరికవాదే తనకి దగ్గరగా అనిపించాడని చెప్పింది. ఆ పుస్తకం, ఈ ఉత్తరం కలిపి చదివితే దొరికేది ఏ ఒక్క పుస్తకంలోనూ దొరకదు.

## మిగతావాళ్ళు, క్లుప్తంగా

బోర్కెనావ్ సమాజ శాస్త్రవేత్త. 1936 వేసవిలో ఒకసారి, 1937 మొదట్లో ఇంకోసారి వచ్చాడు. రెండుసార్లకీ మధ్య విప్లవ ఉత్సాహం పోలీసు రాజ్యంగా ఎలా మారిందో పోల్చి చూపాడు, రెండోసారి తానే అరెస్టయ్యాడు. ఈ పుస్తకాన్ని మెచ్చుకుంటూ ఆర్వెల్ రాసిన సమీక్షను న్యూ స్టేట్స్‌మన్ పత్రిక తిప్పి పంపింది. యుద్ధ వర్ణనలు కోరేవాళ్ళకి చప్పగా ఉంటుంది. విశ్లేషణ కావాలనుకునేవాళ్ళకి ఆర్వెల్ కన్నా ఇదే మేలు.

కెంప్ ఫ్రాంకో వైపు స్వచ్ఛందంగా పోరాడిన కొద్దిమంది ఇంగ్లీషువాళ్ళలో ఒకడు. ముందు కార్లిస్టులతో, తర్వాత స్పానిష్ లీజియన్‌లో ఉన్నాడు. అంతర్జాతీయ దళాల నుంచి పారిపోయి వచ్చిన ఒక ఐరిష్ కుర్రవాణ్ణి కాపాడబోతే, పై అధికారి నువ్వే చంపించు అని ఆదేశించిన సంఘటన ఈ పుస్తకానికి గుండెకాయ. తన పక్షం తప్పని మాత్రం కెంప్ ఎప్పుడూ అనలేదు. ఎదుటివాళ్ళు ఎలా ఆలోచించారో తెలుసుకోవడానికి ఇదొకటి ఉండాలి.

మికా ఎచెబెహెర్ అర్జెంటీనాలో పుట్టింది. భర్త యుద్ధం మొదలైన నెలలోపే చనిపోతే పూమ్ దళానికి కెప్టెన్ అయింది. 1970లలో ఫ్రెంచ్‌లో రాసిన జ్ఞాపకాల్లో మగవాళ్ళ చేత కూడా వంట, శుభ్రం పనులు చేయించడం గురించి, ఆజ్ఞ ఇవ్వడానికీ అమ్మలా చూసుకోవడానికీ మధ్య నలగడం గురించి చెబుతుంది. పైన చెప్పిన మగవాళ్ళెవరికీ ఈ విషయం తట్టలేదు.

కమ్యూనిస్టు నాయకురాలు డొలోరెస్ ఇబారూరి ఆత్మకథ పార్టీ గొంతు. పూమ్ విషయంలో ఆమె మాటను సాక్ష్యంగా కాక, ఆనాటి పార్టీ ఏం నమ్మమందో తెలిపే పత్రంగా తీసుకోండి. బాస్క్ గనుల్లో పేదల బతుకు గురించి రాసిన మొదటి భాగం మాత్రం బాగుంటుంది. ఇంగ్లీషు కవి లారీ లీ 1991లో, అంటే యాభై ఏళ్ళు దాటాక వెలువరించిన పుస్తకంలో కవిత్వం పాలు ఎక్కువ, ఎంతవరకు జరిగిందన్నదానిపై వాదనలున్నాయి. చివరికి చదవండి.

## మీరు ఎవరైతే ఏది

యుద్ధం గురించి ఏమీ తెలియకపోతే, ముందు ఒక చిన్న చరిత్ర పుస్తకం, ఆ వెంటనే బారెయా మూడో సంపుటి, తర్వాత ఆర్వెల్. ఈ వరుసను తిరగేస్తే బార్సిలోనా గొడవే యుద్ధమంతా అనిపించే ప్రమాదం ఉంది.

మీరు వామపక్ష అభిమాని అయితే ఆర్వెల్‌తో పాటు కెంప్ పెట్టుకోండి. సంప్రదాయవాది అయితే బెర్నానోస్. ఎవరికి వాళ్ళు తమ వైపు మనిషి చెప్పిన చేదుమాటతో మొదలుపెడితే, ఎదుటి పుస్తకం తెరిచేసరికి వాదించే ఆవేశం కొంత తగ్గుతుంది. రాయడం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి కోస్లర్ రెండు రూపాలూ. సమయం బొత్తిగా లేనివాళ్ళకి వెయిల్ ఉత్తరం, ఆర్వెల్ 1942లో వెనక్కి తిరిగి చూసుకుంటూ రాసిన వ్యాసం. ప్యాంటు జారిపోకుండా పట్టుకుని పరిగెత్తుతున్న శత్రు సైనికుణ్ణి కాల్చలేకపోయిన ఘటన ఆ వ్యాసంలోదే.

మరణాల లెక్కలకి మాత్రం వీళ్ళెవరినీ ఆధారం చేసుకోకండి. యుద్ధరంగానికి బయట రిపబ్లిక్ ప్రాంతంలో సుమారు 50,000 మందిని చంపారని, ఫ్రాంకో ప్రాంతంలో అంతకి రెట్టింపు కన్నా ఎక్కువని ఇప్పటి చరిత్రకారుల అంచనా. ఆ అంకెలు తేలడానికి దశాబ్దాల పాటు ఊరూరా రికార్డులు తవ్వాల్సి వచ్చింది. అప్పటి రచయితల దగ్గర ఉన్నవి పుకార్లే.

కొనేముందు ఎడిషన్ చూసుకోండి. పార్టీల తగువును వివరించే రెండు అధ్యాయాలను చివరికి మార్చమని ఆర్వెల్ కోరాడు, 1986 నుంచి వచ్చిన కొన్ని ఎడిషన్లు అలా చేశాయి, పాతవాటిలో అవి మధ్యలోనే, ఐదు, పదకొండు అధ్యాయాలుగా ఉంటాయి. పాత ప్రతి దొరికితే మొదటిసారి ఆ రెండూ దాటేసి, పుస్తకం పూర్తయ్యాక వెనక్కి వచ్చి చదవండి. బారెయా మూడు సంపుటాలు ఒకే పుస్తకంగా కూడా వచ్చాయి, విడిగా కూడా దొరుకుతాయి. విడిగా కొంటే ద క్లాష్ ఒక్కటీ తెచ్చుకుని, నచ్చితే మొరాకో సంపుటికి వెళ్ళండి.